తురహళ్లి బండల మీద రెండు గంటలు: తొలిసారి వెళ్లేవాళ్ల కోసం

బెంగళూరులో ఎవరైనా "ఈ వారం ఎటైనా కొండెక్కుదాం" అంటే ముందు నంది హిల్స్ పేరు వస్తుంది, ఆ తర్వాత సావనదుర్గ, రామనగర. అన్నీ మంచివే. కానీ తెల్లవారుజామున మూడింటికి లేచి, కారు మాట్లాడుకుని, వందలమంది మధ్య ఎక్కి దిగే ఓపిక అన్ని వారాలూ ఉండదు. ఊళ్లోనే, మెట్రో దిగి ఆటో ఎక్కితే చేరుకునేంత దగ్గర్లో ఒక చిన్న అడవి ఉంది. కనకపుర రోడ్డుకు పడమటి పక్కన, బనశంకరి ఆరో స్టేజి ఇళ్లకు ఆనుకుని ఉంటుంది. పేరు తురహళ్లి. రాతి గుట్టలు, వాటి చుట్టూ నీలగిరి చెట్లు, ముళ్ల పొదలు, మధ్యలో కాలిబాటలు. పొద్దున వెళ్లి రెండు గంటలు నడిచి, ఇడ్లీ వేళకు ఇంటికి రావచ్చు.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. చిన్నది కదా, ఊళ్లోదే కదా అని చాలామంది లాల్‌బాగ్ తోటకు వెళ్లినట్టు వెళ్తారు. చెప్పులు, చేతిలో ఫోను, నీళ్లు కూడా ఉండవు. నేనూ మొదటిసారి అలాగే వెళ్లాను. ఎక్కడం బాగానే ఎక్కాను. దిగేటప్పుడు బండ మీది సన్న రాతి రవ్వ మీద కాలు జారి చీలమండ బెణికింది. గేటు కనిపిస్తూనే ఉంది, కానీ అక్కడికి చేరడానికి ముప్పావు గంట పట్టింది. కూర్చుని జరుగుతూ, మా ఆయన భుజం పట్టుకుని కుంటుతూ వచ్చాను. బయట ఆటో అబ్బాయి మన హిందూపురం వైపు వాడు. నా కాలు చూడగానే "అక్కా, ఈ చెప్పులేసుకొని బండెక్కినారా?" అన్నాడు. మూడు వారాలు మెట్లు దిగాలంటే కష్టమైంది.

అందుకే ఇదంతా రాస్తున్నాను. అడవి చిన్నదైనా బాట మొరటుదే. ఇక్కడ మెట్లు చెక్కలేదు, కమ్మీలు కట్టలేదు. ఉన్న రాతి మీద, ఉన్న మట్టి మీద మన కాళ్లతో మనమే నడవాలి. దానికి కాస్త సిద్ధపడి వెళ్తే ఇంత దగ్గర్లో ఇంత మంచి నడక బెంగళూరులో ఇంకోటి లేదని నా నమ్మకం.

ముందుగా ఏ రోజు, ఏ వేళ అన్నది చూసుకోండి

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అన్నిటికంటే మంచి కాలం. చలిగా ఉంటుంది, బండలు పొడిగా ఉంటాయి, గడ్డి ఇంకా పూర్తిగా ఎండదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పొద్దున తొమ్మిది దాటితే రాయి కాలుతుంది. గడ్డి ఎండిపోయి ఒక్క నిప్పురవ్వకు అంటుకునేలా ఉంటుంది. జూన్ నుంచి అక్టోబర్ వరకు వానలు. అప్పుడు అడవి పచ్చగా, చూడముచ్చటగా ఉంటుంది కానీ రాయి తడిసి ఉంటుంది. ముందు రోజు సాయంత్రం గట్టి వాన పడితే మర్నాటి నడక మానుకోండి. తొలిసారి వెళ్లేవాళ్లు ఈ మాట తప్పక వినాలి.

వేళ అంటే పొద్దునే. బాగా తెల్లవారాకే లోపలికి అడుగు పెట్టండి. బెంగళూరులో జనవరిలో 6:40 దాటితే గాని సూర్యుడు రాడు, మే చివర్లో 6 గంటల లోపే వచ్చేస్తాడు. గుడ్డి వెలుతురులో, సందె చీకట్లో ఈ బాటలు వద్దు. రాయి కనిపించదు, పాము కనిపించదు. ఆ వేళలు అడవి జంతువులవి.

వీలైతే శనివారం పెట్టుకోండి. ఆదివారం మెట్రో ఏడు గంటలకు గాని మొదలవదు, మీరు గేటు చేరేసరికి ఎండ ఎక్కుతుంది. పైగా ఆదివారం జనం ఎక్కువ. అందరికీ ఇదొక్క రోజే సెలవు కాబట్టి వాళ్లనేమీ అనలేం. శనివారం అయితే పిట్టల అరుపులు వినిపిస్తాయి.

కాళ్లకు ఏం వేసుకోవాలి

ఈ నడకలో అన్నిటికంటే ముఖ్యమైనది షూ. ఖరీదైనవి అక్కర్లేదు. మీ దగ్గరున్న షూ తిప్పి అడుగు భాగం చూడండి. గాడులు లోతుగా ఉన్నాయా, అరిగి నున్నబడ్డాయా? బొటనవేలితో నొక్కితే సోల్ కాస్త మెత్తగా దిగాలి. గట్టి ప్లాస్టిక్‌లా ఉంటే రాతి మీద పట్టు ఉండదు. జిమ్‌కు వేసుకునే పల్చటి, నున్నటి షూ ఇక్కడ పనికిరావు. కొత్త షూ అయితే రెండు మూడు రోజులు ఇంటి చుట్టూ నడిచాకే తీసుకెళ్లండి, లేకపోతే మడమ దగ్గర బొబ్బలెక్కుతాయి. లేసులు దిగేముందు ఇంకోసారి బిగించాలి. దిగేటప్పుడు కాలు ముందుకు జారి బొటనవేలు షూకు గుద్దుకుంటుంది. మర్నాడు గోరు నల్లబడేది అందుకే.

నిండుగా ఉండే ప్యాంటు, పొడుగు సాక్సులు వేసుకోండి. ఇక్కడ లాంటానా పొద బాట మీదికి వంగి ఉంటుంది, చిన్నచిన్న ముళ్లతో గీరుతుంది. ఎండినచోట ఉత్తరేణి, పల్లేరు. షార్ట్స్‌లో వెళ్తే పిక్కలన్నీ గీతలు పడతాయి. సెంటు, ఘాటైన బాడీ స్ప్రే మాత్రం వేసుకోకండి. ఎందుకో తేనెటీగల దగ్గర చెప్తాను.

సంచి చిన్నదే చాలు, కానీ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి భుజాలకు తగిలించుకునేదే తీసుకోండి. మనిషికి లీటరు నీళ్లు. ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, బెణికితే కట్టుకోవడానికి క్రేప్ బ్యాండేజ్, నాలుగు బ్యాండ్ ఎయిడ్‌లు, టోపీ, ఒక విజిల్. విజిల్ ఎందుకని నవ్వుతారు గాని, బండల మధ్య ఎంత అరిచినా గొంతు దూరం పోదు, విజిల్ పోతుంది. తినడానికి వేరుశనగ ఉండలో, అరటిపండో చాలు. చిప్స్ ప్యాకెట్లు ఇంట్లోనే ఉంచండి. వాటి చప్పుడుకే కోతులు వస్తాయి.

చేరుకోవడం

గ్రీన్ లైన్ మెట్రోలో వజరహళ్లి స్టేషన్‌లో దిగండి. 2021 జనవరిలో ఈ లైన్‌ను యెలచేనహళ్లి నుంచి సిల్క్ ఇన్‌స్టిట్యూట్ వరకు పొడిగించాక తురహళ్లి మనకు నిజంగా దగ్గరైంది. వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చేవాళ్లు మెజెస్టిక్‌లో మారాలి. ఎలక్ట్రానిక్ సిటీలో ఉండేవాళ్లకు 2025 ఆగస్టులో పసుపు లైన్ వచ్చింది కాబట్టి ఆర్‌వీ రోడ్డులో మారితే సరిపోతుంది. స్టేషన్ నుంచి ఆటోలో వెళ్లండి. సొంత బండి మీద వెళ్తే ఇళ్ల గేట్లకు అడ్డంగా పెట్టకండి. అడవికి వచ్చేవాళ్ల మీద అక్కడివాళ్లకు కోపం వచ్చేది దీని దగ్గరే.

బయల్దేరేముందు ఇంట్లో ఒకరికి చెప్పండి: ఎక్కడికి వెళ్తున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు. ఫోన్‌లో లొకేషన్ షేర్ చేసి పెట్టండి. ఒంటరిగా మాత్రం వెళ్లకండి. ఇద్దరుంటే ఒకరికి దెబ్బ తగిలినా ఇంకొకరు వెళ్లి మనిషిని పిలుచుకురావచ్చు. నా చీలమండ బెణికినరోజు మా ఆయన పక్కన లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

గేటు దగ్గర

ఇది అటవీ శాఖ చూసుకునే అడవి. ఎన్నింటికి తెరుస్తారు, ఎన్నింటికి మూస్తారు, ఏ బాట మీద పోనిస్తారు అన్నది అప్పుడప్పుడూ మారుతుంది. బోర్డు మీద ఉన్నదే, గార్డు చెప్పిందే ఆ రోజుకు లెక్క. మూసి ఉంటే కంచె విరిగినచోట దూరి పోకండి. వెనక్కి వచ్చి లాల్‌బాగ్ బండ ఎక్కండి, ఆ పొద్దుకు అదీ బాగుంటుంది.

నాలుగు కన్నడ ముక్కలు నేర్చుకుని వెళ్తే గార్డు మొహం విప్పారుతుంది. "ఒళగె హోగబహుదా?" అంటే లోపలికి వెళ్లొచ్చా అని. "ఎష్టు గంటె తనక?" అంటే ఎన్ని గంటల వరకు అని. "ఈ దారి ఎల్లిగె హోగుత్తె?" అంటే ఈ దారి ఎక్కడికి పోతుంది అని. మిగతాది మనకు పరాయి భాషలా అనిపించదు. మన బండ వాళ్లకు బండె, మన దారి వాళ్లకూ దారే, మన చిరుత వాళ్లకు చిరతె. తేనెటీగ మాత్రం వేరే, జేను అంటారు. "జేను" అంటూ ఆయన ఒకవైపు చెయ్యి చూపించి వద్దన్నట్టు తల ఊపితే అటు వెళ్లకండి.

ఈ అడవి ఇలా మొరటుగా మిగలడం వెనక కొంత పోరాటం కూడా ఉంది. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ ట్రీ పార్క్ చేయాలన్న ఆలోచన వస్తే నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు, చుట్టుపక్కల ఉండేవాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. చదును చేసిన దారులు, బెంచీలు మాకు వద్దు, ఇది అడవిగానే ఉండాలి అన్నారు. మీరు నడవబోయే ముళ్ల బాటను కావాలని కోరుకున్నవాళ్లు ఉన్నారు. లోపలికి వెళ్లేటప్పుడు నాకు ఎప్పుడూ అది గుర్తొస్తుంది.

దారి తప్పకుండా

చిన్న అడవే, పూర్తిగా తప్పిపోవడం కష్టం. కానీ బాటలు ఒకదాన్ని ఒకటి కోసుకుంటూ పోతాయి, సైకిళ్ల చక్రాల దారులు చుట్టూ తిరిగి మొదటికే వస్తాయి. అరగంటలో రావాల్సినవాళ్లు గంటన్నర ఎండలో తిరుగుతారు. అప్పుడు టెన్షన్ మొదలవుతుంది, టెన్షన్‌లో అడుగు తప్పుతుంది.

ఒక పని చేయండి. దారి చీలిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి చూడండి. వచ్చిన దారి ముందు నుంచి ఒకలా, వెనక నుంచి ఇంకోలా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు మీకు కనిపించేది ఆ వెనకవైపే. అక్కడొక గుర్తు పట్టుకోండి. రెండుగా చీలిన నీలగిరి చెట్టో, ఏనుగు వీపులాంటి బండో. ఫోన్‌లో ఫొటో తీస్తే ఇంకా మంచిది, కానీ అది కూడా వెనక్కి తిరిగి తీయాలి. కొత్తగా రాయి మీద గీతలు గీయడం, కొమ్మలకు గుడ్డలు కట్టడం వద్దు.

ఇంకోటి. కనకపుర రోడ్డు అడవికి తూర్పున ఉంది. పొద్దునపూట ఆ రోడ్డు వైపు రావాలంటే ఎండ మొహం మీద పడుతూ ఉండాలి. ఎండ వీపు మీద ఉంటే మీరు ఇంకా లోపలికి పోతున్నట్టు. వెనక నుంచి సైకిల్ గంట వినిపిస్తే బాట అంచుకు జరిగి నిలబడండి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉంటే ఆ గంటా వినిపించదు, పొదలో సరసరా వినిపించదు. సంచిలో పెట్టేయండి.

బండ మీద అడుగు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. దెబ్బలన్నీ ఇక్కడే తగులుతాయి.

బెంగళూరు నేల కింద ఉన్న రాయి చాలా పాతది. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న బండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. తురహళ్లి గుట్టలూ ఆ తరహా రాయే. పగటి ఎండకు ఉబ్బి, రాత్రి చలికి కుంచించుకుని, ఉల్లిపొరలా పైపొర లేస్తుంది. ఆ పొర పగిలి, నలిగి, సజ్జగింజలంత రవ్వ అవుతుంది. ఏటవాలు బండ మీద ఆ రవ్వ పరుచుకుని ఉంటుంది. దాని మీద కాలు పెట్టడమంటే గోలీల మీద కాలు పెట్టడమే. నేను జారింది సరిగ్గా దాని మీదే.

కాబట్టి అడుగు వేసేముందు చూడండి. రాయి శుభ్రంగా, గరుకుగా, బూడిదరంగులో కనిపిస్తే కాలు పెట్టండి. రవ్వ ఉంటే పక్కకు పెట్టండి, లేదా షూతో ఒకసారి ఊడ్చి పెట్టండి. బండ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు ఉంటాయి. వాననీళ్లు కారే దారులు అవి, సన్నటి నాచు జాతి పెరిగి నల్లబడతాయి. పొడిగా ఉన్నప్పుడు పర్వాలేదు. తడిస్తే సబ్బు రాసినట్టే. మంచు పడిన పొద్దునా అంతే. రాలిన నీలగిరి ఆకులు కూడా బండ మీద చాప జారినట్టు జారతాయి.

అడుగు నిండుగా వేయండి. భయమేసినప్పుడు మనం తెలియకుండానే మునివేళ్ల మీద నిలబడతాం, లేదా వెనక్కి వాలి మడమ మీద బరువు వేస్తాం. రెండూ జారతాయి. పాదం మొత్తం రాతికి ఆనాలి, బరువు పాదం మధ్యలో పడాలి. ఒంటిని రాతి వైపు వాల్చితే పట్టు పెరుగుతుందనిపిస్తుంది గాని తగ్గుతుంది. నిటారుగా, మోకాళ్లు కాస్త వంచి నడవండి.

ఎక్కేటప్పుడు పోయేది ఊపిరి, దిగేటప్పుడు పోయేది మోకాలు. దిగడం నాకు మా నాన్న నేర్పారు. మాది మదనపల్లె దగ్గర పల్లె, గుట్టల మీద మేకల వెంట తిరిగి పెరిగిన మనిషి ఆయన. నా కాలు బాగయ్యాక ఇక్కడికొచ్చి, "పద, ఎక్కడ పడ్డావో చూపించు" అని నన్ను అదే బండకు తీసుకెళ్లారు. ఆయనకప్పుడు అరవై ఎనిమిదేళ్లు. నేను గజగజలాడుతుంటే ఆయన అడ్డంగా తిరిగి, ఒక భుజం వాలు వైపు, ఒక భుజం గుట్ట వైపు పెట్టి, పీతలాగా దిగారు. కిందికాలు ముందు పెట్టి, అది కుదురుకున్నాక పైకాలు దాని పక్కకు తెచ్చి. కాళ్లు ఎప్పుడూ ఒకదాన్ని ఒకటి దాటలేదు. మధ్యలో నేను తలెత్తి మెట్రో రైలు కనిపిస్తుందేమోనని చూడబోతే, "చూడాలంటే నిలబడి చూడమ్మా" అన్నారు. అప్పటినుంచీ అలాగే దిగుతున్నాను. ఇంకా ఏటవాలుగా ఉంటే కూర్చుని జరగండి. ప్యాంటు మురికైతే ఉతుక్కోవచ్చు.

చేతికర్ర ఉంటే మోకాళ్లకు మంచిది. మట్టి బాటలో బాగా పనికొస్తుంది. కానీ నున్నటి బండ మీద దాని మొన జారుతుంది, అక్కడ కర్ర కంటే చెయ్యే నయం. నిటారు రాళ్ల మీద తెల్లటి సుద్ద పొడి చేతి గుర్తులు కనిపిస్తాయి. రాతి ఎక్కుడు సాధన చేసేవాళ్లవి అవి. వాళ్లు కింద పరుపు పరుచుకుని, పడితే పట్టుకునే మనిషిని పెట్టుకుని ఎక్కుతారు. ఆ గుర్తులు చూసి మనమూ ఎక్కగలమనుకోకండి. ఎక్కగలిగినా దిగలేకపోవచ్చు. దిగే దారి కళ్లకు కనిపిస్తేనే ఏ బండైనా ఎక్కండి.

సెల్ఫీ కోసం అంచుకు వెళ్లకండి. అంచు నుంచి మీ పొడవంత దూరంలో ఆగిపోండి.

ఒకచోట కూర్చోండి

చాలామంది పైకి ఎక్కి, ఫొటో తీసుకుని, వెంటనే దిగిపోతారు. ఈ అడవి నడిచేవాళ్లకంటే కూర్చున్నవాళ్లకు ఎక్కువ చూపిస్తుంది. పావుగంట మాట్లాడకుండా ఒక బండ మీద కూర్చోండి. ముందు పిగిలిపిట్టలు మళ్లీ మొదలుపెడతాయి. పొదలోంచి కౌజుపిట్ట గట్టిగా కూస్తుంది. నెమలి అరుపు వినిపించినా ఆశ్చర్యం లేదు.

ఎండ తగలగానే తొండలు బయటికొస్తాయి. మన ఇళ్ల గోడల మీద ఉండే తొండ కాదు, ఇది రాతి తొండ. ఆడది రాతిరంగులోనే ఉంటుంది, కదిలితే తప్ప కనిపించదు. మగది మాత్రం జతకట్టే కాలంలో, ఎండాకాలం నుంచి వానల దాకా, వేరే జీవిలా ఉంటుంది. నేను కూర్చున్న బండకు ఆరడుగుల దూరంలో ఒకటి వచ్చి నిలబడింది. వీపంతా ఎర్రగా, పక్కలు బొగ్గులా నల్లగా. ముందు కాళ్ల మీద లేచి తల కిందికీ మీదికీ ఊపింది. ఇంకో మగది బండ చివర కనిపించగానే నేను చూస్తుండగానే, కొన్ని సెకన్లలో, దాని రంగు మారిపోయింది. ఆ ఎరుపు పసుపులోకి దిగింది. "తొండ ముదిరితే ఊసరవెల్లి" అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఈ తొండ రంగుల మీద బెంగళూరులోని ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశోధన చేశారు, మా మదనపల్లె పక్కనున్న రిషి వ్యాలీలో కూడా. చిన్నప్పుడు మేం రాళ్లు విసిరి తరిమిన తొండే అది. ఇప్పుడు దానికోసమే కూర్చుంటాను.

దగ్గరగా చూడాలంటే మీరు కదలకండి. మీ నీడ దాని మీద పడకుండా కూర్చోండి. ఫోన్ ముందే చేతిలో పట్టుకుని ఉండండి, సంచిలోంచి తీసేలోపు పారిపోతుంది.

జాగ్రత్త పడాల్సినవి మూడు

కొండ తేనెటీగలు పెద్ద బండల వాలు కింద, ఎత్తైన చెట్లకు పట్టు పెడతాయి. సెంటు వాసన, పొగ, గట్టి చప్పుడు వాటికి పడవు. పట్టు కనిపిస్తే చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేయండి. లేస్తే మాత్రం నిలబడి చేతులు విసరకండి. ముఖం, మెడ గుడ్డతో కప్పుకుని, పొదల వైపు కాకుండా వచ్చిన బాటలోనే వీలైనంత దూరం పరుగెత్తండి.

పాములు ఉంటాయి. నాగుపాము, రక్తపింజర, కట్లపాము, చిన్నపింజర. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే నాలుగూ ఇవే. బండ సందుల్లో చెయ్యి పెట్టకండి, కూర్చునేముందు చూసుకుని కూర్చోండి, ఎత్తు గడ్డిలో కర్రతో తట్టుకుంటూ నడవండి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం, పసరు రాయడం ఏవీ వద్దు. ఉంగరం, వాచీ, షూ తీసేయండి, ఎందుకంటే వాపు వస్తుంది. కరిచిన చోటు కదలకుండా కర్ర, గుడ్డ పెట్టి కట్టండి. మనిషిని నడిపించకుండా మోసుకెళ్లండి. 108కు ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి. పామును పట్టుకోవడానికి, చంపడానికి ఒక్క నిమిషం కూడా పోగొట్టకండి.

చిరుత. 2022 చివర్లో ఈ చుట్టుపక్కల చిరుత కనిపించి అటవీ శాఖ జనాన్ని హెచ్చరించింది. అలాంటి కబురు విన్న వారాల్లో వెళ్లకండి. మామూలు రోజుల్లో పగటి వెలుతురులో నలుగురు కలిసి నడిస్తే అది మీ ముందుకు రావడం చాలా అరుదు. ఎదురైతే పరుగెత్తకూడదు, వంగకూడదు, వీపు చూపకూడదు. పిల్లల్ని వెంటనే ఎత్తుకుని, చేతులు పైకెత్తి, గట్టిగా మాట్లాడుతూ మెల్లగా వెనక్కి అడుగులు వేయాలి.

పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్తే

ఎనిమిది, పదేళ్ల పిల్లలకు ఈ చోటు పండగే. వాళ్లకు రెండే నియమాలు పెట్టండి: మీకు కనిపించేంత దూరంలోనే ఉండాలి, మీరు దిగాకే వాళ్లు దిగాలి. మీరు కింద ఉంటే జారినా పట్టుకోవచ్చు. చిన్న పిల్లల్ని చంకనెత్తుకుని బండలెక్కకండి, కింద అడుగు కనిపించదు.

అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్తే మట్టి బాట వరకే చాలు. బండెక్కకపోయినా నడక నడకే. మీరు ముందు పరుగులు పెట్టకుండా అందరికంటే మెల్లగా నడిచేవాళ్లను ముందు నడవనివ్వండి. వాళ్లు "పర్లేదురా, నేను బాగానే ఉన్నా" అంటారు. మాట నమ్మకండి, పెదాలు చూడండి. ఆరిపోయి ఉంటే కూర్చోబెట్టి నీళ్లు తాగించండి. దాహం అయ్యేదాకా ఆగకుండా అరగంటకోసారి తాగాలి.

తిరిగి బయటికి

సగం నీళ్లు అయిపోతే ఎంత దూరం వచ్చినా వెనక్కి తిరగండి. అలిసిన కాళ్లే జారతాయి, కాబట్టి చివరి పావుగంట మొదటి పావుగంట కంటే జాగ్రత్తగా నడవండి. గేటు కనిపించగానే అడుగుల వేగం పెరుగుతుంది, అక్కడే చాలామంది పడతారు.

తెచ్చినవన్నీ వెనక్కి తీసుకెళ్లండి. అరటితొక్క మట్టిలో కలిసిపోతుంది కదా అని పడేయకండి. కోతులు దానికి అలవాటు పడతాయి, తర్వాత వచ్చే పిల్లల చేతిలోంచి లాక్కుంటాయి. సిగరెట్టు, అగ్గిపుల్ల అసలు వద్దు. ఎండాకాలంలో ఆ గడ్డికి అంటుకుంటే ఆర్పడం ఎంత కష్టమో ఆ అడవిలో పనిచేసేవాళ్లను అడిగితే తెలుస్తుంది.

బయటికొచ్చాక ఆటో ఎక్కేముందు ఒకచోట కూర్చుని షూ విప్పి దులపండి. మోకాలి వెనక, నడుము దగ్గర, చెవుల వెనక పిడుదులు పట్టాయేమో చూసుకోండి, వానల తర్వాత తప్పనిసరిగా. సాక్సులకు అంటుకున్న ఉత్తరేణి గింజలు అక్కడే ఏరేయండి. అలాగే తెచ్చి వాషింగ్ మెషిన్‌లో వేస్తే ఇంట్లో అందరి బట్టలకూ అంటుకుంటాయి.